తొర్రకు అడ్డమొచ్చిన పక్షి

"ఇంత మసక ఫొటోలో పక్షిని గుర్తుపట్టడం ఎలా మాస్టారూ?" అని శిష్యుడు ఉమాపతి అడిగిన తీరులో ప్రశ్న కన్నా విసుగే ఎక్కువ. పేర్రాజు మాస్టారు ముప్పై ఏళ్లుగా తడి అడవుల పక్షుల్ని గుర్తుపట్టడం నేర్పుతున్న మనిషి. అడిగినదానికి నేరుగా జవాబు చెప్పడం ఆయన వంటికి పడదు. కళ్లజోడు తుడుచుకుని, "ఆవిడ ఏమంది?" అన్నారు.

ఆవిడంటే కత్తుల బుజ్జెమ్మ. ఎండపొడ నేలకు తగలని నల్లకోన అడవిలో అడ్డాకులు కోసుకుని బతికే కొండరెడ్డి మనిషి. కొండ దిగి నడిచొచ్చి మాస్టారి వరండాలో గోడవారగా కూర్చుంది. ఆమె సెల్‌ఫోనులో ఇరవై మూడు ఫొటోలు. అన్నిట్లోనూ ఒకటే చెట్టు, దాని ముందు నల్లటి మరక. కాకి అనుకుంటే కాకి, గద్ద అనుకుంటే గద్ద!

సంగతేమిటంటే, కోనలోకి వేస్తున్న రోడ్డుకు ఆ చెట్టు అడ్డం. సోమవారం కొట్టేస్తారు. అందులో హార్న్‌బిల్ గూడుందని మాస్టారు రాసిస్తే దారి పక్కకు జరుపుతానని రేంజరు మాటిచ్చాడు. కొమ్ముముక్కు ఉన్న ఆ పెద్ద పక్షి పేరు రాసి పారేస్తే కాదనేదెవరు? ఉమాపతి చెయ్యి దురద పెట్టిన మాట నిజమే. కానీ తెలియనిది తెలిసినట్టు రాయడం ఆ ఇంట్లో మహాపాపం. తెలియదని రాస్తే చెట్టు పోతుంది. ఎటూ తోచక పొద్దుటి నుంచీ ఫోనుతో కుస్తీ పడుతున్నాడు.

"ఆవిడేమంటుంది మాస్టారూ! నేనే చెప్పాను, కాస్త దగ్గరికెళ్లి సరిగ్గా తీయాల్సిందమ్మా అని."

"చెప్పావు, సరే. అడిగావా?"

మాస్టారు బుజ్జెమ్మకు కుర్చీ వేయించి, టీ ఇప్పించి, ఆమె తాగేదాకా కొండ మీద వానల సంగతి మాట్లాడి, అప్పుడు తాపీగా అడిగారు: "ఇందులో ఏం తీశావమ్మా?"

"తొర్ర బాబూ. మాయదారి పిట్ట, తీసినప్పుడల్లా అడ్డమొచ్చి చెడగొట్టింది."

ఉమాపతి ఫోను లాక్కున్నంత పని చేశాడు. మరక మరకే గానీ, చెట్టు బెరడుతో సహా స్పష్టంగా ఉంది. తేదీల వరసన చూసుకుంటూ పోయాడు. మొదటిరోజు తొర్ర మనిషి తల పట్టేంత ఉంది. వారం తిరిగేసరికి చుట్టూ మట్టి మెత్తినట్టయి గుప్పెడంత మిగిలింది. ఆఖరి ఫొటోలో రెండు వేళ్లు దూరే సందు! గుడ్లు పెట్టే ముందు ఆడ హార్న్‌బిల్ తొర్రలో దూరి లోపలి నుంచి మూసేసుకుంటుందని అతను ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు. అంత పెద్ద తొర్రను అలా మూసే పక్షి ఆ కోనలో ఇంకోటి లేదు.

"ఆడది లోపలుంది బాబూ. మగది ఆ సందులోంచే పళ్లు పెడతాది. చెట్టు కొడితే అదెట్టా బయటపడతాది?" అంది బుజ్జెమ్మ. "బాలింత ఉన్న ఇల్లు ఎవరన్నా కూలుస్తారా?"

ఉమాపతికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇంత తెలిసిన మనిషిని గోడవారగా కూర్చోబెట్టి తను చేసిందేమిటి?

ఆ సాయంత్రమే కాగితం వెళ్లింది. సోమవారం రేంజరు స్వయంగా వచ్చి తొర్ర చూసి, దారిని అరవై అడుగులు అవతలికి జరిపించాడు. ఆ కబురు ఫోనులో చెబుతూ బుజ్జెమ్మ నవ్విన నవ్వు మాస్టారి దాకా వినిపించింది. ఉమాపతి సంతోషం పట్టలేక రిజిస్టరు తీశాడు. తీరా పేరు రాసే గడి దగ్గర కలం ఆగిపోయింది. నల్లకోనలో హార్న్‌బిల్ జాతులు రెండున్నాయి. ఆ మరక అందులో ఏదో తేల్చడం ఎవరి తరం?

"మాస్టారూ, ఏ రకమో మనకింకా తెలియనే లేదే!"

"ఖాళీగా ఉంచు నాయనా," అన్నారు మాస్టారు. "పిల్లలు బయటికొస్తాయిగా. అప్పుడు వెళ్లి చూద్దువుగాని."