ముందు బెజ్జం, తర్వాత పూస

గడియదుర్గం ఏలే మల్లభూపతికి రోజుకో సందేహం పుట్టేది. పుట్టిందంటే అది తీరేదాకా కొలువులో ఎవరికీ భోజనం ఉండదు.

ఆ ఉదయం ఆయన మెడలో ఆకుపచ్చ గాజుపూసల దండ ఒకటి కొత్తగా వచ్చి చేరింది. రాజు దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"గాజు కింద పడితేనే పగులుతుంది కదా. మరి ఇంత సన్న బెజ్జం ఇందులో ఎలా పెట్టారయ్యా?"

సింహాసనం పక్కన తమలపాకులు మడుస్తున్న అడపకాడు సూరప్పకు ఆ సంగతి తెలుసు. అతని అక్క అంకమ్మ పూసల వీధిలోనే కొలిమి నడుపుతోంది. చెబుదామని నోరు తెరిచేలోపు రత్నపరీక్షకుడు విరూపాక్షయ్య లేచి నిలబడ్డాడు.

విరూపాక్షయ్యకు పది వేళ్లు, పన్నెండు ఉంగరాలు. ఈమధ్యనే పూసల వీధి మొదట్లో మేడ కట్టాడు. కొలుముల పొగ తిన్నగా ఆయన పడకగదిలోకి పోతోంది. ఆ నలభై కొలుములనూ ఎలా లేపించాలా అని ఆరు నెలలుగా చూస్తున్నాడు.

"వజ్రపు ములుకుతో తొలుస్తారు ప్రభూ. అది మా పని. ఆ కొలిమివాళ్లకు గాజు కరిగించడం తప్ప ఏమీ రాదు. బెజ్జాలు మా పనివాళ్ల చేత దొంగచాటుగా పెట్టించుకుంటారు. వాళ్లను ఏటి అవతలకు తోలెయ్యండి. ఊరికి పొగ తప్పుతుంది. పూసలు నేనే ఇస్తాను."

"బాగానే ఉంది," అన్నాడు రాజు. ఆజ్ఞ రాయించడానికి రాయసగాడి కోసం చూశాడు కూడా.

సూరప్ప చేతిలో ఆకు చిరిగింది. ఏటి అవతల వానాకాలమంతా మోకాటి లోతు నీళ్లు. అక్కడ కొలిమి వెలగదు. కొలిమి వెలగకపోతే అక్క ఇంట్లో పొయ్యీ వెలగదు.

చిరిగిన ఆకు పక్కన పెట్టి ఇంకోటి తీశాడు.

"అయ్యగారూ, నాకు బుర్ర తక్కువ. ముందు పుట్టేది పూసా, బెజ్జమా?"

విరూపాక్షయ్య పొట్ట కదిలేలా నవ్వాడు. "ఒరే అడపకాడా, గోడ లేకుండా గోడకు కన్నం పెడతావట్రా? ముందు పూస. తర్వాత బెజ్జం."

"గట్టి మాటేనా అండీ?"

"ముందు పుట్టిన బెజ్జాన్ని ఒక్కదాన్ని తెచ్చి చూపించు. ఎద్దులకు కట్టే నీలం పూసలు నా మెడలో కట్టుకుని పూసల వీధి ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తాను. తేలేకపోయావో, సాయంత్రానికి కొలుములు లేచిపోవాలి."

"ప్రభువు విన్నారు," అన్నాడు సూరప్ప, తాంబూలం అందిస్తూ. "మధ్యాహ్నానికి వస్తాను."

సంగతి వినగానే అంకమ్మ గరిటె ఎత్తింది.

"నీ నోరు కుట్టెయ్యాల్రా తమ్ముడూ. నలభై ఇళ్ల కూడు పందెం పెట్టొచ్చావా?"

"పందెం కట్టింది ఆయనే అక్కా. నువ్వు రోజూ చేసే పనే అక్కడ చెయ్యి. నోరు మాత్రం విప్పకు."

"పని చేస్తాను. రెండోది చెప్పలేను." గరిటె దించి, ఏదో గుర్తొచ్చినట్టు పశువుల పాకలోకి వెళ్లొచ్చింది.

మధ్యాహ్నం సూరప్ప ఒక పళ్లెం తెచ్చి రాజు ముందు పెట్టాడు. అందులో ఏడు సన్నటి ఇనప పుల్లలు, ఒక్కోదాని కొసకు తెల్లగా ఆరిన సుద్ద మట్టి.

"ప్రభూ, బెజ్జాలు తెచ్చాను. పూసలు వెనకాల వస్తున్నాయి."

అందరికన్నా ముందు నవ్వింది విరూపాక్షయ్యే. ఒక పుల్ల తీసి అటూ ఇటూ తిప్పాడు. "ఇది బెజ్జమా? ఏదీ, ఇందులో దారం ఎక్కించు, చూద్దాం."

"ఎక్కిస్తానండీ. కాస్త ఓపిక పట్టండి."

వెనకాలే వచ్చిన అంకమ్మ కుంపటి దించి తిత్తి ఊదింది. గాజు కడ్డీ కొస తేనెలా కరిగి జారుతుంటే దాన్ని పుల్లకున్న సుద్ద చుట్టూ చుట్టింది. బండ మీద దొర్లించి గుండ్రంగా చేసి, పుల్లతో సహా వేడి బూడిద కుండలో పాతింది. అలా ఏడూ చేసింది.

"ఇప్పుడే బయటికి తియ్యమనండి ప్రభూ," అన్నాడు విరూపాక్షయ్య. "ఆ కుండలో ఏదో మాయ ఉంది."

"నిదానంగా చల్లారకపోతే పగుల్తుందయ్యా," అంది అంకమ్మ. "మీరు పుట్టగానే మీ అమ్మ మిమ్మల్ని చన్నీళ్లలో ముంచిందా?"

రాజుకు వక్క గొంతులో అడ్డం పడింది. దగ్గు తగ్గాక, "ఈలోపు నీ ములుకు పని చూపించు విరూపాక్షయ్యా," అన్నాడు.

గాజు గుండ్లు విరూపాక్షయ్య దుకాణం నుంచే వచ్చాయి. మొదటిది ములుకు ఆనగానే చిట్లింది. రెండోది సగం తొలిచాక రెండయింది. మూడోది ఎగిరి సేనాపతి ఒళ్లో పడింది.

"గాజు మంచిది కాదు ప్రభూ," అని నుదురు తుడుచుకున్నాడు.

రాజు నాలుగు తాంబూలాలు నమిలేసరికి కుండ చల్లారింది. అంకమ్మ ఒక పుల్ల తీసి పూసను మెల్లగా మెలితిప్పింది. సుద్ద పొడిపొడిగా రాలింది, పూస జారి సూరప్ప అరచేతిలో పడింది. పుల్ల ఉన్నచోట సన్నటి, గుండ్రటి బెజ్జం.

సూరప్ప అందులో దారం ఎక్కించి విరూపాక్షయ్యకు చూపించాడు.

"తమరు పట్టుకుని చూసిన బెజ్జమేనండీ. అప్పుడు దాని చుట్టూ పూస లేదు, అంతే."

రాజు రెండో పూసను కంటికి ఆనించుకుని, బెజ్జంలోంచి విరూపాక్షయ్యను వెతికి పట్టుకున్నాడు.

"కొలుములు ఉన్నచోటే ఉంటాయి. పొగ పడకపోతే నీ మేడనే ఏటి అవతల కట్టుకో." తన మెడలోని దండ తీసి సూరప్ప మెడలో వేశాడు. "ఇక ఆ నీలం పూసల సంగతి. ఎవరైనా వెళ్లి తెండి."

"ఎవరూ పోనక్కర్లేదు ప్రభూ," అంది అంకమ్మ, కొంగు ముడి విప్పుతూ. "పొద్దున్నే మా ఎద్దు మెడలోంచి తీసి తెచ్చాను. అయ్యగారికి కాస్త వదులవుతుందేమో."

కొలువంతా నవ్విన నవ్వుకు పూసల వీధిలో తిత్తులు ఊదేవాళ్లు కూడా చేయి ఆపి కోట వైపు చూశారు.