గుండెకు చప్పుడెలా వచ్చింది

ఒకప్పుడు మనిషి గుండెకు చప్పుడు లేదు. చెవి ఆనించి విన్నా పలికేది కాదు. ఊళ్లో చెడ్డపని జరిగితే మనుషులు పామునో పుట్టనో గాలినో తిట్టేవాళ్లు. తమలోకి తాము ఒక్కసారీ తొంగి చూసుకునేవాళ్లు కాదు!

ఆ రోజుల్లో ఒక ఎండాకాలం. చెరువు అడుగంటింది. ఉన్న కాసిని నీళ్లనే పొలాలకు వంతులవారీగా పారించుకుంటున్నారు. ఒకరి వంతులో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. అది కట్టుబాటు.

ఆ పూట చెన్నమ్మ వంతు. ఆమె రాగిమడి వాడిపోయి, ఇవాళో రేపో ఎండిపోయేలా ఉంది. కాలువకు అడ్డం గట్టు వేసి, నీళ్లు మళ్లించుకుని, సంగటి ముద్ద తినడానికి నీడకు పోయింది. అంతే! పక్కపొలం ఓబన్న పార తెచ్చి గట్టుకు గండి కొట్టాడు. నీళ్లన్నీ అతని మిరపతోటకు పారాయి.

చెన్నమ్మ తిరిగొచ్చి లబోదిబోమంది.

"ఏం ఓబన్నా, నా నీళ్లేవి?"

"నన్నడుగుతావేం వదినా? ఎండ్రకాయ బొక్క పెట్టుంటుంది. దాని బుద్ధే అంత!"

గట్టు పక్క బొరియలో ఎండ్రకాయ ఉంది. కడుపు కింద పిల్లల్ని పొదువుకుని ఉంది. చెన్నమ్మ మండిపడి బండరాయి ఎత్తింది.

"నీ పిల్లల్తో సహా నలిపేస్తా!"

"ఆగు తల్లీ!" అంది ఎండ్రకాయ. "నా బొక్క నా ఒళ్లంతే ఉంటుంది. ఆ గండిలో దున్నపోతు దూరుతుంది! నాకంత బలముంటే నీ రాయికి వణుకుతానా?"

నీళ్లు గలగలమన్నాయి. "పార దెబ్బ మాకు తెలీదా? గట్టు కట్టిందీ మనిషి చెయ్యే, తెగ్గొట్టిందీ మనిషి చెయ్యే."

"నాలో చెడ్డా?" అన్నాడు ఓబన్న. "ఏ దయ్యమో నన్ను పట్టుంటుంది!"

భూమికి ఒళ్లు మండింది. "దయ్యమూ లేదు, గియ్యమూ లేదురా! ఆశ నీదే, పార నీదే, అబద్ధమూ నీదే. వరి మొలిచే మట్టిలోనే కలుపూ మొలుస్తుంది. ఇవాళ నీ గుండెకు చప్పుడిస్తున్నా. చెయ్యి చెడ్డకు లేస్తే అది లోపలినుంచి తలుపు బాదినట్టు బాదుతుంది."

"బాగా అయింది!" అంది చెన్నమ్మ.

"నీకూ ఇస్తున్నానే, మనుషులందరికీ ఇస్తున్నా."

"నాకెందుకమ్మా? పోయినవి నా నీళ్లు కదా!"

"మరి చేతిలో అదేంటి?"

చెన్నమ్మ తలెత్తి చూసుకుంది. రాయి ఇంకా పైనే ఉంది. కింద పిల్లలతల్లి ముడుచుకుని ఉంది. చెన్నమ్మ ఎదలో మొదటిసారి దబ్ దబ్ మంది. ఆమె మెల్లగా రాయిని పక్కన పెట్టింది.

ఓబన్న ఎదలోనూ అదే చప్పుడు. పార అందుకుని గండి పూడ్చాడు. నీళ్లు రాగిమడికి మళ్లాయి.

"అమ్మా, ఇక ఈ చప్పుడే నన్ను ఆపుతుందా?" అని అడిగాడు.

"అది చెప్తుందంతే. ఆగాల్సింది నువ్వు. ఆగగలవురా! మీ వదిన ఆగలేదూ?"

అప్పటినుంచే మనిషి గుండె ఊరుకోకుండా కొట్టుకుంటోంది. మామూలప్పుడు మెల్లగా కాపలా కాస్తుంది. చెయ్యకూడని పనికి చెయ్యి లేచిందా, దబదబా బాదుతుంది. రాజుకైనా అంతే, కూలికైనా అంతే. నమ్మకపోతే ఎదమీద చెయ్యేసి చూసుకోండి.