ఒంటాకు మూసిన చెంబు

అనగనగా, మీ తాతల తాతకి ఇంకా మీసం మొలవని కాలంలో, ఒక రాజుండేవాడు. ఆయన కోట ఎంత ఎత్తంటే, మబ్బులు కిటికీలోంచి దూరి వంటింట్లో పప్పు చల్లార్చి పోయేవి. నమ్మకపోతే పోండి, మబ్బుకేం నష్టం.

ఆ రాజుకి హేమాంగి అని ఒక కూతురు. ఎవరికీ జడిసే పిల్ల కాదు. ఆమె వెనకాలే తోకలా తిరిగే ఆరేళ్ళ తమ్ముడు గుణ్ణడు.

ఏడు సముద్రాలవతలి నుంచి చండమారుతుడనే మాంత్రికుడొచ్చాడు. వాడి ప్రాణం భుజం మీది చిలక కడుపులో ఉంది. సభలో నిండు చెంబు బోర్లించాడు, చుక్క పడలేదు. "గాలి నా బంటు, నేను చెబితే నీళ్ళు మోస్తుంది" అన్నాడు. పొద్దుగూకేలోగా ఇంకెవరూ ఈ పని చెయ్యలేకపోతే హేమాంగిని పెళ్ళాడి తీసుకుపోతానన్నాడు. అడ్డమొచ్చిన పక్కదేశపు రాజకుమారుడు జయంతుణ్ణి నించున్నచోటే రాయిని చేసేశాడు.

పెళ్ళికి ఒప్పుకోమని రాజు కూతురికి నచ్చజెప్పబోయాడు.

"గాలి వాడి అబ్బ సొమ్మా నాన్నా?" అంది హేమాంగి. తమ్ముణ్ణి చంకనేసుకుని వంటింట్లోకి పోయి తలుపేసుకుంది.

మొదటిసారి ఉత్త చెంబు బోర్లించింది. నీళ్ళన్నీ గుణ్ణడి నెత్తిన. వాడు ముక్కు చీదుకుని "ఇంకోసారి" అన్నాడు. రెండోసారి మూతికి విస్తరాకు పెట్టి బోర్లించింది. ఒక్క క్షణం ఆగి, బుడబుడమని మళ్ళీ నెత్తినే.

"అక్కా, ఆకుల అతుకుల్లోంచి గాలి బుడగలు లోపలికి పోయినై," అన్నాడు వాడు.

అప్పుడే మిరపకాయ దొంగతనానికి కిటికీలో వాలిన మాంత్రికుడి చిలక పకపకా నవ్వింది. "ఆ బుడగలే మీ కొంప ముంచాయి. లోపలికి గాలి దూరకపోతే, కిందున్న గాలే ఆకుని పైకి తోసి పట్టుకుంటుంది. మంత్రమూ లేదు, మట్టీ లేదు. వాడు పెట్టేది అద్దంలాంటి అభ్రకం బిళ్ళ, దూరానికి కనపడదు."

నీ యజమాని గుట్టు చెబుతావేమని హేమాంగి అడిగితే, వాడి ప్రాణం మోసీ మోసీ రెక్కలు పడిపోయాయంది చిలక. నలుగురిలో వాడి గొప్ప పోతే ఆ బరువు దానంతటదే దిగిపోతుందంది.

మూడోసారి అతుకుల్లేని అరిటాకు ముక్క కోసింది. మూతి తడిపి, ఆకు అదిమి, బోర్లించి, మెల్లగా చెయ్యి తీసింది. చుక్క రాలలేదు. కింద గుణ్ణడు తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

సభలో చెంబు సరిగ్గా మాంత్రికుడి నెత్తిమీదే బోర్లించింది. నీళ్ళు కదల్లేదు.

"నా గాలే నీకు సాయం చేసింది," అన్నాడు వాడు.

"అలాగా. అయితే తప్పుకోమని చెప్పు."

వాడు మంత్రం చదివాడు. గొంతు పోయేదాకా చదివాడు. ఆకు అంగుళం జరగలేదు.

"నీ బంటు నీ మాట వినట్లేదే," అంది హేమాంగి.

సభ గొల్లుమంది. గుణ్ణడు పీటెక్కి చిటికెనవేలితో ఆకు అంచు గీకాడు. నీళ్ళన్నీ మాంత్రికుడి నెత్తిన. చిలకకి ఎక్కిళ్ళొచ్చి, కడుపులోని వాడి ప్రాణం బయటపడింది. చండమారుతుడు తుస్సుమని చిల్లుపడ్డ తిత్తిలా చప్పబడి, కిటికీలోంచి కొట్టుకుపోయాడు.

రాయి మళ్ళీ మనిషయింది. జయంతుడు పెళ్ళాడమంటే, నెత్తిన చెంబు బోర్లిస్తే కదలకుండా కూచుంటావా అని అడిగింది హేమాంగి. కూచున్నాడు. పెళ్ళయింది. మనవళ్ళు చెట్టంత ఎదిగేదాకా రాజ్యమేలారు. ఆ దేశంలో ఇప్పటికీ పెళ్ళికూతురు వరుడి నెత్తిన చెంబు బోర్లించాల్సిందే.

మీరూ ఇంట్లో చేసి చూడండి. ఆకు అతుకుల్లేకుండా, కింద మీ అమ్మ పరుపు లేకుండా.