పైడమ్మ పింగాణీ కప్పులు

అనగనగా, చిన్నీ, సముద్రం ఒడ్డున జీడితోటల మధ్య ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒకప్పుడు సిపాయిల మకాం ఉండేది. వాళ్ళకో క్యాంటీను. అందులో తెల్లతెల్లటి పింగాణీ కప్పులు. ప్రతి కప్పు అడుగునా నీలం రంగులో రెండు కత్తుల ముద్ర.

ఆ క్యాంటీన్లో గిన్నెలు తోమే ఆవిడకి ఒక్కతే కూతురు, పైడమ్మ. అమ్మ కప్పులు కడిగి ఎండలో బోర్లిస్తే, అవి ఇసకలో వాలిన కొంగల్లా ఉండేవట. పైడమ్మ వాటినే చూస్తూ కూర్చునేది.

కొన్నాళ్ళకి సిపాయిలు మకాం ఎత్తేశారు. సామానంతా తలో దిక్కూ అయిపోయింది. ఆ తర్వాత అమ్మ కూడా పోయింది. అప్పుడు పైడమ్మకి బెంగ పట్టుకుంది. అమ్మ చేతులు తగిలిన కప్పుల్ని వెతకడం మొదలెట్టింది.

మొదటి కప్పు వాన వెలిశాక ఇసకలో దొరికింది. రెండోది ఒకరి పెరట్లో, కోళ్ళకి నూకలు పోసే చోట. గుమ్మడికాయ ఇచ్చి తెచ్చుకుంది. మూడోది మంగలి గవరయ్య దగ్గరుంది.

"ఇదిచ్చేస్తే సబ్బు నురగ దేంట్లో కలుపుకోనే?" అన్నాడాయన.

పైడమ్మ తన ఇత్తడి గిన్నె ఇచ్చేసి ఆ కప్పు తెచ్చుకుంది.

అలా ఏళ్ళు గడిచాయి. పైడమ్మ జుట్టు నెరిసింది. గోడ గూళ్ళన్నీ కప్పులతో నిండాయి. మెత్తటి గుడ్డతో తుడిచేది, వాటితో కబుర్లాడేది. ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. తనూ వాటిలో తాగేది కాదు.

ఒక మధ్యాహ్నం, కర్ర పట్టుకుని ఒక ముసలాయన వచ్చాడు. పేరు తాతారావు.

"తల్లీ, ఆ క్యాంటీన్లో టీ తాగిన సిపాయిని నేను. ఆ కప్పులు నీ దగ్గరున్నాయని ఊళ్ళో చెప్పారు. ఒక్కసారి అందులో టీ ఇస్తావా?"

పైడమ్మ గూళ్ళవైపు ఒకసారి చూసుకుంది. అప్పుడు లేచి పొయ్యి వెలిగించింది. ఇసకలో దొరికిన కప్పులోనే టీ పోసింది. ఆయన చేతులు వణికాయి. కప్పు జారి, ముక్కలైపోయింది.

"అయ్యో, ఎంత పని చేశాను!" అని ఆయన మొహం కప్పుకున్నాడు.

పైడమ్మ ముక్కల వంక చూసింది. ఆ తర్వాత ఆ ముడతలు పడ్డ వేళ్ళ వంక చూసింది. ఇంకో కప్పు తీసి, టీ పోసి, ఆయన చేతుల చుట్టూ తన చేతులు పెట్టి పట్టుకుంది.

"తాగండి బాబాయ్. చల్లారిపోతుంది."

ఆయన తాగాడు. అప్పుడు మెల్లగా చెప్పాడు. "మేం నలుగురం ఒక్క చోట కూర్చుని తాగేవాళ్ళం. యుద్ధం నుంచి నేనొక్కణ్ణే తిరిగొచ్చాను. పొన్నుస్వామి రాలేదు. గుల్జార్ సింగ్ రాలేదు. మా దాలయ్యా రాలేదు."

పైడమ్మ లేచి గూటి దగ్గరికెళ్ళింది. మూడు కప్పులు దించింది. మూడింట్లోనూ టీ పోసి, సముద్రం కనబడేలా అరుగు మీద పెట్టింది. మూడు ఆవిరి పోగులు లేచి, ఒకదాన్నొకటి అల్లుకుని, జీడిచెట్ల మీదుగా నీళ్ళవైపు తేలిపోయాయి.

ఆయన వాటినే చూస్తూ అన్నాడు, "పొన్నుస్వామికి పంచదార కాస్త ఎక్కువుండాలి తల్లీ."

పైడమ్మ లోపలికెళ్ళి పంచదార డబ్బా తెచ్చింది.

కథేమో కంచి దారి పట్టింది,
మా చిన్ని కంటికి కునుకు పట్టింది.