కౌజుపిట్ట కాల్చిన గుడ్డు లేని బన్ను

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ముసురు పట్టుకుంది. ఇవాళ తగ్గుతుంది, రేపు తగ్గుతుంది అనుకుంటే తగ్గదే! బొరియల నిండా నీళ్ళు. పొదల నిండా నీళ్ళు. పాపం, జంతువులు తలో దిక్కుకీ పోయాయి. కొన్ని మాత్రం కొండ దిగువన ఒక పెద్ద బండ కింద తలదాచుకున్నాయి.

ఎవరెవరున్నారో చెబుతాను, బుద్ధిగా వినండి. అందరిలోకీ పెద్దది ఎలుగుబంటి. దాన్ని అందరూ పెద్దయ్యా అని పిలుస్తారు. తర్వాత తల్లి కుందేలు, దాని ఒళ్ళో బుల్లి కుందేలు. బండ అంచున గడ్డి దుబ్బులో కౌజుపిట్ట. అది వానకి భయపడి వచ్చింది కాదు. దాని గూడే అక్కడ. గూట్లో ఆరు గుడ్లు. వాటి మీద రెక్కలు పరుచుకుని కూర్చుంది. వానొచ్చినా వరదొచ్చినా లేచే పిట్ట కాదు.

ఇక చివరిది ఉడుము. ఇది మామూలు ఉడుము కాదండోయ్! పట్నంలో ఒక బేకరీ గోడ పగుల్లో కొన్నాళ్ళు కాపురం ఉండి వచ్చింది. లోపలికి ఎప్పుడూ అడుగు పెట్టలేదు. గోడ ఇవతల నుంచి వాసన పీల్చిందంతే. అయినా అడవిలో అందరూ దాన్ని మాస్టరు గారూ అనాల్సిందే. అనకపోతే మొహం మాడ్చుకునేది.

బుల్లి కుందేలుకి జ్వరం వచ్చి తగ్గింది. కానీ నోరంతా చేదు. గడ్డి పెడితే ఊసేసింది. దుంప పెడితే కొరకలేకపోయింది. రోజురోజుకీ చిక్కిపోతోంది.

"నా తల్లే, ఒక్క ముద్ద తినవే," అని తల్లి కుందేలు బతిమాలింది.

బుల్లి తల అడ్డంగా ఊపింది. "మెత్తగా, వెచ్చగా ఏమన్నా ఉంటే పెట్టమ్మా," అంది.

ఉడుము గొంతు సవరించుకుంది. "జ్వరం పడి లేచినవాళ్ళకి పట్నంలో బన్ను పెడతారు. దూదిలా ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే చాలు, దానంతటదే దిగిపోతుంది."

"మీకు చెయ్యడం వచ్చా మాస్టరు గారూ?" అని తల్లి కుందేలు ఆశగా అడిగింది.

"ఎంత మాట! మైదా, పంచదార, వెన్న, గుడ్లు. వీటిని కలిపి ఓవెన్‌లో పెట్టాలి. అంతే."

మనం కొట్లో కొనే బన్నులో గుడ్డు వేస్తారో లేదో నాకైతే తెలియదు. ఉడుముకీ తెలియదని నా అనుమానం.

ఎలుగుబంటి తల గోక్కుంది. "మైదా ఎక్కడ దొరుకుతుంది మాస్టరూ? నా దగ్గర కాసిని రాగులున్నాయి."

"పర్వాలేదు. రాగిపిండి సరిపోతుంది," అంది ఉడుము.

"పంచదార లేదే. తేనె ఉంది."

"ఇంకా మంచిది."

"వెన్న లేదు. ఇప్పగింజల నూనె ఉంది. ఓవెన్ అంటే ఏమిటో నాకు తెలియదు. కట్టెలు కొట్టేవాళ్ళు వదిలేసిన కుండా మూకుడూ ఉన్నాయి. ఈ బండ కింద వాళ్ళు రాజేసిన పొయ్యిలో నిప్పు ఇంకా ఆరలేదు."

"సర్దుకుందాం పెద్దయ్యా, సర్దుకుందాం. ఇంట్లో వంటంటే సర్దుకోవడమేగా! ఇక గుడ్లొక్కటే తక్కువ," అంది ఉడుము. అంటూ నాలుక బయటికి చాపి, మళ్ళీ లోపలికి లాక్కుంది.

తలలన్నీ గడ్డి దుబ్బు వైపు తిరిగాయి.

"ఎన్ని గుడ్లు కావాలి?" అని కౌజుపిట్ట అడిగింది.

"నీ గూట్లో ఎన్ని ఉన్నాయి?"

"ఆరు."

"సరిగ్గా ఆరే కావాలి," అంది ఉడుము.

నవ్వకండి. మీరు నవ్వుతున్నారు గానీ అక్కడ ఎవరూ నవ్వలేదు. పిల్ల పస్తుంటే పెద్దవాళ్ళకి బుర్ర పనిచెయ్యదు.

"ఇవ్వను," అంది కౌజుపిట్ట.

తల్లి కుందేలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "వదినా, నా బిడ్డ కళ్ళెదుట చిక్కిపోతోంది. నీ పిల్లలు ఇంకా పుట్టనైనా పుట్టలేదు కదా!"

"పుట్టకపోతే నా పిల్లలు కాకుండా పోతాయా? లోపల కదులుతున్నాయి వదినా. నా పొట్టకి తెలుస్తోంది. ఇవ్వను."

ఎలుగుబంటి కలగజేసుకుంది. "మొండికెయ్యకమ్మా. గుడ్లు మళ్ళీ పెట్టుకోవచ్చు."

"ఆ మాట నోటితో ఎలా అనగలిగావు పెద్దయ్యా? వీటిని తీసేస్తే మళ్ళీ పెట్టేవి వేరే గుడ్లు. ఇవి మళ్ళీ రావు. ఇవ్వను అంటే ఇవ్వను."

చూశారా, ముగ్గురు అడిగారు, మూడుసార్లు కాదంది. పిడికెడంత పిట్ట! ఎలుగుబంటి ఒక్క చేత్తో అదిమితే ఏమైపోతుందో దానికి తెలియదా? తెలుసు. అయినా మెడ నిక్కించి ఉడుము వైపు తిరిగింది.

"మాస్టరు గారూ, ఒక్కటి అడుగుతాను. మైదా లేదంటే మార్చారు. పంచదార మార్చారు. వెన్న మార్చారు. ఆఖరికి ఓవెన్ కూడా మార్చారు. గుడ్డొక్కటే ఎందుకు మారదు?"

ఉడుము ఒక్క క్షణం తడబడింది. "గుడ్డు... గుడ్డంటే గుడ్డే! గుడ్డు లేనిదే బన్ను పొంగదు. అది పద్ధతి."

"పొంగుతుందో లేదో నేను చూస్తాను. బుల్లి బన్ను తింటుంది, నా గుడ్లు గూట్లోనే ఉంటాయి. పెద్దయ్యా, ఆ పొయ్యి రాళ్ళు మూడూ నా గూటి దగ్గరికి జరుపు చాలు. నేను గూడు వదిలి రాను."

"పిట్టకి ఎంత పొగరో!" అని ఉడుము గొణిగింది. ఎలుగుబంటి మాత్రం లేచి రాళ్ళు జరిపింది. "మళ్ళీ పెట్టుకోవచ్చు" అన్న తన మాట దానికే ముల్లులా గుచ్చుకుంటున్నట్టుంది.

కౌజుపిట్ట పని మొదలుపెట్టింది. ఒక కాలు గూట్లో, ఒక కాలు పిండిలో. రాగిపిండిలో తేనె, నూనె, నీళ్ళు కలిపింది. తన చిన్న కాళ్ళతో రేగుపండంత ఉండలు చేసి వేడి బూడిదలో కప్పెట్టింది. కాసేపటికి తీసింది. బూడిద అంటుకుని తెల్లగా ఉన్నాయి. ఎలుగుబంటి ఒకటి కొరికి చెంప పట్టుకుంది. ఇంకొకటి తీసి బండకేసి కొడితే టంగుమని మోగింది.

"చూశారా! గుడ్డు లేదు, అందుకే రాయి!" అని ఉడుము పకపకా నవ్వింది. "పారెయ్యండి అవతలికి!"

"పారెయ్యొద్దు," అంది కౌజుపిట్ట. వాన నీళ్ళు గూటి వైపు సన్నగా పాకుతున్నాయి. ఆ ఉండల్ని తీసుకుని గూడు చుట్టూ గట్టులా పేర్చింది. నీళ్ళు ఆగిపోయాయి. "తినడానికి పనికిరాకపోతే దీనికి పనికొచ్చాయి," అంది.

మర్నాడు మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి ఎలుగుబంటి దగ్గర ముట్టుకుంటే జారిపోయేలా పండిన అరటిపండ్లు కనిపించాయి. వాటిని మెదిపి పిండిలో కలిపింది. పిండి జారుగా అయ్యింది, ఉండ కట్టలేదు. అందుకని కుండలో పోసి పొయ్యి మీద పెట్టింది. ఘుమఘుమలాడింది! అందరికీ నోరూరింది. తీరా మూకుడు తీసి చూస్తే అడుగు మాడింది, అంచు కాలింది, పైనంతా పచ్చిపిండి.

"గుడ్డు లేదు, అందుకే పచ్చి!" అంది ఉడుము.

"కింద నిప్పుంది. పైన నిప్పు లేదు. అందుకే పచ్చి," అంది కౌజుపిట్ట. దాని ఒక రెక్క అంచు పొయ్యి సెగకి కమిలింది. ఆ రెక్క ముడుచుకుని మళ్ళీ గుడ్ల మీద కూర్చుంది.

ఇంతలో బుల్లి కుందేలు మెల్లగా పాక్కుంటూ కుండ దగ్గరికి వచ్చింది. కాలిన అంచు ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుంది. ఊసెయ్యలేదు.

"అత్తా, అంచు బాగుందత్తా. అంతా అంచులా ఉంటే అంతా తింటాను," అంది.

తల్లి కుందేలు ఆ మాట విని కన్నీళ్ళు తుడుచుకుంది. వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. "వదినా, రేపు నిప్పు నేను ఊదుతాను," అంది.

ఇక మిగిలింది ఒక్కటే చిక్కు. పిండి పొంగాలి. గుడ్డు లేకుండా పొంగాలి.

ఆ సాయంత్రం ఎలుగుబంటి మొత్తుకుంటోంది. "ఎండబెట్టి రాతి గుంటలో దాచుకున్న ఇప్పపూలన్నీ పాడైపోయాయి! వాన నీళ్ళు పడి, పులిసి నురగెత్తాయి!"

కౌజుపిట్ట మెడ సాచి చూసింది. గుంటలో తెల్లటి నురగ బుసబుసా పైకి వస్తోంది. ఆ నురగ మీద రాలిపడ్డ టేకాకు ఒకటి ఉంది. నురగ పెరిగినకొద్దీ ఆకు కూడా పైకి లేస్తోంది.

"అంత పెద్ద ఆకుని ఎత్తుతున్నది పిండిని ఎత్తలేదా?" అంది కౌజుపిట్ట.

మూడోసారి ముగ్గురూ కలిసి చేశారు. ఎలుగుబంటి రాగులు మెత్తగా నూరింది. కౌజుపిట్ట అందులో అరటిపండు, తేనె, నూనె కలిపి పైన ఇప్పపూల నురగ పోసింది. కుండ మీద ఆకు కప్పి తెల్లవార్లూ వదిలేశారు. పొద్దున చూస్తే సగం కుండ ఉన్న పిండి ముప్పావు కుండయ్యింది! కుండ కింద నిప్పులు పెట్టారు. పైన మూకుడు బోర్లించి దాని మీద కూడా నిప్పులు పరిచారు. కింద సెగ, పైన సెగ. తల్లి కుందేలు బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదింది.

వాసన మొదట బండ కింద నిండింది. తర్వాత వానలోకి పోయింది.

"ఇక తియ్యి పెద్దయ్యా," అంది కౌజుపిట్ట. ఎలా ఉందో చూద్దామని గూట్లోంచి లేచి ఒక్క గెంతు ముందుకు వేసింది. ఒక్కటే గెంతు!

ఎలుగుబంటి మూకుడు ఎత్తింది. గుప్పున ఆవిరి. కుండ అంచుదాకా పొంగిన బన్ను! అందరూ కుండలోకి తొంగి చూశారు. అందరూ అంటే ఉడుము తప్ప.

ఉడుము కళ్ళు గూటి మీద ఉన్నాయి. ఇన్నాళ్ళూ అది ఎదురుచూసింది ఈ ఒక్క గెంతు కోసమే. బన్ను కోసం కాదు, బుల్లి కోసం అసలే కాదు. ఆవిరీ పొగా కమ్ముకున్న ఆ చాటున సరసరా పాకి, గడ్డి దుబ్బులో తల దూర్చి, తెల్లగా గుండ్రంగా కనిపించినదాన్ని ఒక్క పట్టు పట్టింది.

కటుక్కు!

అందరూ వెనక్కి తిరిగారు. ఉడుము పట్టు మీకు తెలుసుగా? పట్టిందంటే అదే వదలాలనుకున్నా వదలదు. దాని నోట్లో ఇరుక్కున్నది గుడ్డు కాదు. మొదటి రోజు కాల్చిన రాగి ఉండ. గూడు చుట్టూ గట్టులా పేర్చింది చూడండి, అందులో ఒకటి!

గుడ్లు ఆరూ గూట్లో పదిలంగా ఉన్నాయి. కౌజుపిట్ట ఎగిరి గూటి మీద వాలింది. దాని ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాయి.

"ఆ ఉండలో గుడ్డు వెయ్యలేదు మాస్టరు గారూ," అంది. "రుచి ఎలా ఉంది?"

ఉడుము ఏం చెబుతుంది? నోరు తెరుచుకుంటేగా!

ఎలుగుబంటికి అప్పుడు అర్థమైంది. "అన్నీ మార్చడానికి ఒప్పుకుని గుడ్డొక్కటి మాత్రం మారకూడదన్నది ఇందుకా!" అని లేచి నిలబడింది. అది పూర్తిగా నిలబడకముందే ఉడుము వానలో పడి పరుగెత్తింది. నోట్లో ఉండ అలాగే ఉంది.

బుల్లి కుందేలు బన్ను తింది. మెత్తటి లోపలి భాగం తింది, అంచు తింది, కుండకి అంటుకున్నది కూడా గీకి తింది. వెచ్చగా కడుపు నిండింది. చాలా రోజుల తర్వాత దాని చెవులు నిటారుగా లేచాయి.

తల్లి కుందేలు తలొంచుకుని కౌజుపిట్ట దగ్గరికి వచ్చింది. "వదినా, నీ గుడ్లు ఇమ్మని అడిగాను."

"అడిగావు. నేను ఇవ్వలేదు. అయిపోయింది," అంది కౌజుపిట్ట. "ఇప్పుడు కాసేపు గూడు చూడు. నాకు ఆకలేస్తోంది."

తల్లి కుందేలు గూడు చుట్టూ ముడుచుకుని పడుకుంది. తన వెచ్చటి బొచ్చు గుడ్లకి ఆనించింది. కౌజుపిట్ట తీరిగ్గా కూర్చుని తన వాటా బన్ను తింది. ముసురు మొదలైన దగ్గర్నుంచి కడుపునిండా తినడం దానికి అదే మొదటిసారి.

అది సగం తిన్నదో లేదో, "వదినా, వదినా! లోపల ఎవరో తలుపు కొడుతున్నారు!" అని తల్లి కుందేలు అరిచింది.

ఒక గుడ్డు పగిలింది. ఇంకొకటి పగిలింది. ఆరూ పగిలాయి. కౌజు పిల్లలు పుట్టగానే నడుస్తాయి, తెలుసా? అవి బయటికి వచ్చి, తడి ఈకలతోనే తూలుకుంటూ నడిచి, బుల్లి కుందేలు ముందు రాలిన బన్ను తునకలు టకటకా ఏరుకున్నాయి.

"అత్తా! నా బన్ను తినేస్తున్నాయి!" అంది బుల్లి కుందేలు.

"తిననీ," అంది కౌజుపిట్ట. "నీకు మళ్ళీ చేసి పెడతాను."

నీతి: అన్నిటిలోనూ సర్దుకుని, నీ ప్రాణం లాంటిది మాత్రం ఇచ్చి తీరాలన్నవాడికి కావాల్సింది వంట కాదు, నీ గూడు. వాడికి 'ఇవ్వను' అని చెప్పు. చెప్పి ఊరుకోకు, పొయ్యి వెలిగించు.