వంగని దొర, నేలమీది చాకు

రణభీమ దొరకి పాత మడతచాకుల పిచ్చి. ఏ పాతసామాన్ల కొట్లో ఏది నచ్చినా "ఇది దివాణంలో ఉండాల్సింది" అనడం, ఊరికే పట్టుకుపోవడం. పైగా మహా బిగువు మనిషి. దేవుడికైనా నిటారుగా నిలబడే దణ్ణం పెడతాడు.

ఓనాడు పల్లకీ దిగి, పాతసామాన్లమ్మే గంటాలు కొట్టు మీద పడ్డాడు. అరల్లో ఏదీ కంటికి ఆనలేదు గానీ, ఆమె బొడ్లో దోపుకున్న కొమ్ముపిడి చాకు కంటబడింది. తల్లి ఆమెకి మిగిల్చిపోయిన వస్తువు అదొక్కటే.

"ఇలా తే!" అని చెయ్యి చాపాడు.

"అయ్యబాబోయ్, చేతికే! కత్తి చేతికిస్తే పగ పుడుతుందని తమరికి తెలీదా దొరా?" అంటూ దాన్ని తన కాళ్లముందు నేలమీద పెట్టింది. "ఇప్పుడు తీసుకోండి."

దొర చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. పేరుకే భీముడు, పిల్లి ఎదురొస్తే మళ్లీ పడకెక్కేస్తాడు. ఈలోగా బజారంతా పనులు మానేసి గుమిగూడింది. దొర కనుసైగ చేస్తే వెంటవచ్చిన నౌకరు వంగబోయాడు.

"తియ్యి నాయనా," అంది గంటాలు. "కానీ నువ్వూ దొర చేతికివ్వకూడదు, మళ్లీ నేలమీదే పెట్టాలి. దొరా, ఇక్కడైతే నాకు వంగినట్టు, ఇంటిదగ్గరైతే నౌకరుకి వంగినట్టు. ఎవరికి వంగుతారో మీ చిత్తం!"

దొర మీసం అదిరింది. "ఛీ, ఈ తుప్పుముక్క మాకెందుకు!" అంటూ గిరుక్కున తిరిగి, నడుం రెండుగా మడిచి పల్లకీలోకి దూరాడు.

"అదే వంగుడు ఇటు తిరిగి వంగుంటే చాకు దక్కేది గదర్రా!" అంది గంటాలు, తన చాకు తీసుకుంటూ.