గోడ అని పిలిపించుకున్న గడప

మీ ముత్తవ్వకి ముత్తవ్వ ఇంకా పాలపళ్ళతో తిరిగే రోజుల్లో ఒక రాజు ఉండేవాడు. ఆయనకి ఇద్దరు కొడుకులు, వాళ్ళ తర్వాత ఒక కూతురు. కూతురి పేరు హేలావతి.

ఒకనాడు ఒక మాంత్రికుడు వచ్చి రాణిని ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల తన రాతి ఇంట్లో పెట్టాడు. పెద్దకొడుకు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోకొడుకు వెళ్ళాడు, తిరిగి రాలేదు.

"నేను వెళ్తాను నాన్నగారూ," అంది హేలావతి.

"నాకు మిగిలింది నువ్వొక్కదానివే తల్లీ!"

"మరి అమ్మకి అక్కడ ఎవరు మిగిలారు?"

రాజు ఆమెకి దారిబత్తెం కట్టించాడు.

సముద్రపు ఒడ్డున ఏనుగంత కొంగ కనిపించింది. "ఎక్కు రాకుమారీ. నేనూ ఒకప్పుడు రాజకుమారుణ్ణే. ఆ ఇంటి గుమ్మంలో మూడుసార్లు ఓడిపోయి ఇలా అయ్యాను. మీ పెద్దన్న కాకయ్యాడు, చిన్నన్న పిచ్చుకయ్యాడు. నువ్వు గెలిస్తే అందరం బయటపడతాం."

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. నడుం నొప్పి అంటూ కొంగ దారంతా గొణుగుతూనే ఉంది.

రాతి ఇంటి తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. లోపల పంజరంలో ఒక చిలక. "వాడి ప్రాణం అందులోనే ఉంది. చిలక ఈ ఇల్లు దాటిందా, వాడు పోయినట్టే," అంది కొంగ.

హేలావతి కాలెత్తింది. గుమ్మం కింద రాయి చివాలున మెడదాకా లేచింది. ఆమె వెనక్కి తగ్గితే రాయీ కిందికి తగ్గింది. ఈసారి కొంగనెక్కి ఎగిరింది. రాయి మబ్బుల దాకా లేచింది. ఇక ఒక్కసారే మిగిలింది.

"నీకు ఏ పిట్ట ఇష్టం?" అని దిగులుగా అడిగింది కొంగ.

హేలావతి ఆ రాయి ముందు చతికిలబడింది. "ఓయ్, నీ పేరేంటి?"

"గోడ."

"ఎవరు చెప్పారు?"

"మాంత్రికుడు. రోజూ మూడుసార్లు 'ఓ గోడా' అని పిలుస్తాడు."

"పిలిస్తే నమ్మేశావా? గోడకి ఎవరైనా పసుపు రాసి బొట్లు పెడతారా? చూసుకో, నీ ఒంటి మీద పాత పసుపు ఇంకా ఉంది. నీ పేరు గడప! రోజు గడుస్తుంది, గండం గడుస్తుంది. మనిషి గడిచే చోటు గడప. దాటకూడనిదానివైతే నీకా పేరెందుకు పెడతారు?"

రాయి తన ఒంటి మీది పసుపు చూసుకుంది.

"మరి నన్ను తొక్కారే," అంది. "వచ్చినవాళ్ళంతా తొక్కారు."

కొంగ తల దించుకుంది.

"తొక్కడం తప్పే. దాటడం తప్పు కాదు." హేలావతి వంగి గడపని తాకి కళ్ళకద్దుకుంది. లేచి కాలెత్తింది. గడప జానెడు ఎత్తునే ఉండిపోయింది.

మాంత్రికుడు పరుగెత్తుకొచ్చాడు. "గోడా! లే గోడా!"

"ఎవర్నయ్యా పిలుస్తున్నావు?" అంది గడప.

"చిలక మెడ విరిచెయ్!" అని అరిచింది కొంగ.

"అదేం చేసింది పాపం?" హేలావతి పంజరం తెరిచింది. చిలక రివ్వున గడప దాటింది. మాంత్రికుడు గుప్పెడు బూడిదయ్యాడు. ఇంటి కప్పు మీదున్న కాకి, పిచ్చుక, బయటున్న కొంగ మళ్ళీ మనుషులయ్యారు.

రాణి లోపలిగదిలోంచి వచ్చి గడప దగ్గర ఆగిపోయింది. తను రెండుసార్లు కాలెత్తితే రెండుసార్లూ లేచిన రాయి అది.

"ఇప్పుడు దానికి తన పేరు తెలుసమ్మా," అంది హేలావతి.

కొత్తకోడలు ఇంట్లోకి వచ్చినట్టు, రాణి కుడికాలు ముందు పెట్టి ఎండలోకి వచ్చింది.

అందరూ మాంత్రికుడి ఓడలో ఇల్లు చేరారు. కొంగగా ఉన్న రాజకుమారుడు సిగ్గుపడుతూ పెళ్ళి మాట అడిగాడు, హేలావతి సరేనంది. అన్నలిద్దరూ ఒప్పుకోగా కిరీటం ఆమెకే దక్కింది. అరవై ఏళ్ళు రాజ్యమేలింది. దర్బారు గుమ్మంలో కాపలావాళ్ళని తీసేసింది కాబట్టి ఎవరైనా నేరుగా వచ్చి హేలావతితో వాదించొచ్చు. గెలిచినవాళ్ళు మాత్రం ఇద్దరో ముగ్గురోనట.